గోవిందప్ప నాలుగు వాక్యాలు

సోమవారం పదకొండు గంటలప్పుడు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. గోవిందప్ప ఎవరిదో పెళ్ళిపత్రిక టైపు చేస్తున్నాడు. కోలారు బంగారు గనుల దగ్గర ఊరిగాంలో అతని ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరూ ఒక జిరాక్స్ మిషనూ ఉంటాయి. తెలుగు చదివే పిల్లలు లేక బడి మూతపడ్డాక ఈ తెలుగు పంతులు వాటిని పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ ఏడాది మా బహుమతి మీ కేజీఎఫ్‌కి వచ్చిందండీ" అంది అవతలి గొంతు. ఆమె పేరు వీణ, బహుమతి ఇచ్చే సంస్థలో పని చేస్తుంది.

గోవిందప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏటా ఒక్క తెలుగు పుస్తకానికి ఇచ్చే బహుమతి అది. దానికి పొడుగాటి పేరుంది గానీ ఆ ఇంట్లో పెద్ద బహుమతి అనే అంటారు. పదహారేళ్ళుగా అతను దానికి పుస్తకాలు పంపుతున్నాడు. ఇంతవరకు గెలిచిన ముప్ఫై ఒక్క మంది పేర్లూ వరసగా రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాడు. ఎవరికి ఎందుకు వచ్చిందో అతనికి కంఠతా వచ్చు. ఒకాయన న్యాయనిర్ణేతకి వియ్యంకుడు. ఒకావిడకి ఆ నెలలోనే భర్త పోయాడు, జాలిపడి ఇచ్చారు. ఇంకొకాయన మంచం పట్టాడు, పోయేలోగా ఇచ్చేద్దామని ఇచ్చారు. పుస్తకం బాగుందని ఇచ్చిన ఏడాది అందులో ఒక్కటీ లేదు.

ఎడం చెయ్యి ఊపి భార్యను పిలిచాడు. సౌభాగ్య తడి చేతులతోనే వంటింట్లోంచి వచ్చింది, మొగుడి మొహం చూసి తనూ నవ్వడం మొదలుపెట్టింది. పాపం, ఆమెకూ పదహారేళ్ళ ఎదురుచూపే.

"లక్ష్మీదేవమ్మగారు పక్కనే ఉన్నారా అండీ? ఒకసారి ఫోను ఇస్తారా?" అని అడిగింది వీణ.

దరఖాస్తులో ఆ నంబరు రాసింది గోవిందప్పే. కవరులో తన నవల మూడు ప్రతులు పెట్టాక ఇంకా చోటు మిగిలితే, లక్ష్మీదేవమ్మ పుస్తకం కూడా మూడు పెట్టాడు. ఆమె ఊళ్ళో ఫోను సరిగా అందదని తన నంబరు వేశాడు. పెట్టేటప్పుడు తన పెద్దమనసుకి తనే కాస్త ముచ్చటపడ్డాడు కూడా.

"ఆమె ఊళ్ళో ఉంటారండీ. నేను పోయి చెప్తాను" అన్నాడు. సౌభాగ్య ఇంకా నవ్వుతూనే నిలబడి ఉంది. బహుమతి తనకి కాదని ఆమెకి చెప్పడానికి అతనికి అయిదు నిమిషాలు పట్టింది. చెప్పాక ఆమె పొయ్యి మీద పప్పు మాడుతోందని లోపలికి పోయింది. ఏమన్నా అని ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

రాబర్ట్‌సన్‌పేటలో బస్సెక్కి మూడు గంటలకి ఆమె ఊరు క్యాసంబళ్ళి చేరాడు. లక్ష్మీదేవమ్మ వసారాలో చాప మీద కూర్చుని పట్టుగూళ్ళు తీస్తోంది. పదిహేను రోజుల కిందట కోలారులో కంటిపొర ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టారు, నెల దాకా చదవకూడదు, రాయకూడదు అన్నారు. అందుకని వేళ్ళతో చూస్తోంది. ఒళ్ళో చంద్రిక అనే వెదురు తడిక, దాని చుట్ల మధ్య పురుగులు కట్టుకున్న గూళ్ళు. ఒక్కొక్కటే మెల్లగా పట్టి లాగుతుంది, పైన అంటుకున్న నూగు తీస్తుంది, చెవి దగ్గర పెట్టి ఒకసారి ఆడిస్తుంది. లోపల పురుగు గలగలమంటే మంచి గూడు, బుట్టలోకి పోతుంది. చప్పుడు లేకపోతే పక్కకి పోతుంది.

ఇద్దరూ ఊరిగాంలో గనివాళ్ళ ఇళ్ళ వరసలో, ఒకే లైన్లో పెరిగినవాళ్ళు. గనిలో పని చేసే తండ్రులు, మధ్యలో వెదురు తడికల తట్టిగోడలు, మూడిళ్ళ దూరం. ఆమె నాలుగేళ్ళు పెద్ద. అతను అక్కా అంటాడు, ఆమె పేరు పెట్టి పిలుస్తుంది.

అతను విషయం చెప్పాడు. ఆమె చేతిలోని గూడు ఆడించి, విని, బుట్టలో వేసింది.

"అట్లనా" అంది. "మరి నీదానికి రాలేదా గోవిందప్పా? నువ్వు ఎన్నేండ్లుగానో పంపిస్తాండావే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది, నిజంగానే బాధపడింది. అదే గోవిందప్పకి గుచ్చుకుంది. ఎత్తిపొడిచి ఉంటే తిరిగి ఒక మాట అని చల్లబడేవాడు.

ఈ పుస్తకం అతని చేతుల మీదుగానే అయింది మరి. ఆమె చదివింది ఏడో తరగతి దాకా, కన్నడంలో. ఇంట్లో మాట తెలుగు, చేతికి వచ్చిన అక్షరం కన్నడం. కోలారు వైపు ఇదేం వింత కాదు. పెళ్ళిపాటలు, పచ్చళ్ళ కొలతలు, దూరాన ఉన్న కూతుళ్ళకి ఉత్తరాలు, అన్నీ తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో రాసుకుంటారు. ఆమె అలాగే తన చిన్ననాటి లైను కథని ఆరు పొడుగు నోటుబుక్కుల్లో రాసి, రెండేళ్ళ కిందట సంచిలో పెట్టుకుని అతని దగ్గరకి తెచ్చింది. అతను దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చి టైపు చేశాడు. ఊరికే మార్చలేదు, పంతులు కదా, దిద్దాడు. అచ్చుకి పంపేముందు మొత్తం చదివి వినిపించమంది ఆమె. అతను చదువుతుంటే మధ్య మధ్య చెయ్యి ఎత్తేది. సూర్యుడు అస్తమించాడని నేను రాయలేదప్పా, పొద్దు గుంకిందని రాసినాను, తీసెయ్ అనేది. రెండు రోజులు కూర్చుని అతని దిద్దుబాట్లన్నీ పీకించింది. పుస్తకం పేరు తట్టిగోడ అని ఆమే పెట్టింది. ఇంకొంచెం గంభీరంగా ఉండాలని అతను చెప్పిన ఏడు పేర్లూ ఆమెకి నచ్చలేదు.

అతని నవలలు పదకొండు. అన్నీ హైదరాబాదులో జరుగుతాయి. అతను హైదరాబాదు చూసింది రెండుసార్లు.

రాగిముద్ద తిని పొమ్మంది ఆమె. ఆకలి లేదని చెప్పి బస్సుకి వచ్చేశాడు. దారి పొడుగునా ఆకలేసింది.

మంగళవారం పొద్దున నందీశ్ వచ్చాడు. కన్నడ పేపరుకి స్థానిక వార్తలు రాసే మనిషి. లక్ష్మీదేవమ్మ గురించి చెప్పమని, మీరు కదా ఇక్కడి సాహిత్యానికి పెద్దదిక్కు అంటూ ఎదురుగా కూర్చున్నాడు. గోవిందప్ప కాఫీ తెప్పించాడు. ఆమెని బాగా మెచ్చుకున్నాడు. మెచ్చుకున్న కొద్దీ నోరు చేదవుతూ వచ్చింది. అరగంటయ్యాక కాఫీ గ్లాసు కింద పెడుతూ, ఇంకేదో గుర్తొచ్చినవాడిలా ఒక మాట అన్నాడు.

"పాపం, ఆయమ్మకి తెలుగు అక్షరాలు రావు. అంతా నేనే చూసుకున్నాను. అది మాత్రం రాయొద్దప్పా."

రాయొద్దన్నది రాయడమే నందీశ్ పని. ఆ సంగతి గోవిందప్పకి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

బుధవారం పేపర్లో అదే పెద్దక్షరాల్లో వచ్చింది. తెలుగు రాని రచయిత్రికి తెలుగు బహుమతి, మరి పుస్తకం రాసింది ఎవరు? మధ్యాహ్నానికి అది ఫోన్లలో హైదరాబాదు దాకా పోయింది. సాయంత్రం వీణ ఫోను చేసింది. కమిటీలో అందరూ కంగారు పడుతున్నారనీ, తను శుక్రవారం వచ్చి రాతప్రతి చూస్తాననీ, అనుమానం తీరకపోతే ఈ ఏడాది బహుమతి ఎవరికీ ఇవ్వకుండా ఆపేస్తారనీ చెప్పింది. రాతప్రతి ఎక్కడుందని అడిగింది.

"నా దగ్గరే ఉండాదండీ" అన్నాడు గోవిందప్ప. ఆరు నోటుబుక్కులూ అతని ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. లక్ష్మీదేవమ్మ తిరిగి అడగలేదు, అతను ఇవ్వలేదు.

ఫోను పెట్టేశాక అతనికి కొంచెం భయం వేసింది. ఆ భయం కింద ఒక సంతోషం ఉంది, అది అతనికి తెలుస్తూనే ఉంది. ఆమెకి రాకపోతే ఎవరికీ రాదు. జాబితాలో ఈ ఏడాది ఖాళీగా ఉంటుంది. ఖాళీని చూసి ఎవరూ కుళ్ళుకోనక్కరలేదు.

గురువారం కొట్టు తెరవలేదు. నోటుబుక్కులు బల్ల మీద పరిచి, పక్కన అచ్చు పుస్తకం పెట్టుకుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. ఇందులో నాది ఎంత అని ఒక్కటే ప్రశ్న. సగం ఉంటుందని అతని నమ్మకం. కనీసం పావు వంతు. పేజీ పేజీకీ వేలు పెట్టి, కన్నడ అక్షరం ఒక కంటితో, తెలుగు అక్షరం ఒక కంటితో చూస్తూ పోయాడు. తనదైన చోట ఎర్రగీత గీయాలి.

మొదటి నోటుబుక్కు అయిపోయింది. ఒక్క గీతా లేదు. రెండోది అయిపోయింది. పేరాలు విడగొట్టింది తనే గానీ దానికి గీత ఏం గీస్తాడు? పెన్సిలు ముక్కు అలాగే వాడిగా ఉంది. సౌభాగ్య అన్నం పెట్టి రెండుసార్లు పిలిచింది. ఆయమ్మకి వస్తే మీకు ఏం తక్కువైపోయిందని చివరికి అడిగింది. అతను మూడోది తెరిచాడు.

మూడో నోటుబుక్కులో దొరికింది. లైన్లో ఆడవాళ్ళు ముద్దలు చేసుకుంటుంటే గనిలో ఏర్‌బ్లాస్టు అవుతుంది. లోపల రాయి పేలి భూమి అదురుతుంది, సైరన్ కూస్తుంది, గనివాళ్ళు కేజ్ అనే లిఫ్టులో ఎక్కి దిగే షాఫ్ట్ దగ్గరకి జనం పరిగెత్తుతారు. నోటుబుక్కులో ఆమె ఇట్లా రాసింది: "అమ్మ పిండిచేతులతోనే లేచింది. తమ్ముణ్ణి నా ఒళ్ళో ఏసి షాఫ్ట్ కాడికి పరిగెత్తింది." ఆ వెంటనే: "నాయన చెయ్యి కడుక్కోని ముద్ద తిన్నాడు. ఏమయిందని మేమెవురం అడగలేదు."

అచ్చు పుస్తకంలో ఆ రెండింటి మధ్య ఇంకో నాలుగు వాక్యాలున్నాయి.

"కేజ్ పైకొచ్చింది. దిగినోళ్ళ మొగాలన్నీ ఒకటే రంగు, ఎవురు ఎవురో తెలీలేదు. అమ్మ మొగాలు చూడలేదు, చేతుల్లో ఉండే క్యారియర్లు చూసింది. పిడి ఊడిపోయి తాడు కట్టిన క్యారియర్ కనపడినాక, నాయన్ని పేరు పెట్టి కూడా పిలవకుండా ఎనక్కి తిరిగొచ్చి పొయ్యి ముట్టించింది."

గోవిందప్ప ఆ నాలుగింటికీ గీత గీశాడు. టైపు చేసిన రోజు గుర్తొచ్చింది. అక్కడ మెట్టు ఒకటి ఊడినట్టు అనిపించి ఆగాడు. ఆలోచించింది కూడా లేదు, వేళ్ళే కొట్టుకుంటూ పోయాయి. ఆమె మాటలోనే, ఆమె రాసినట్టే. చదివి వినిపించేటప్పుడు ఆ పేజీ కాస్త వేగంగా చదివాడు. ఆమె చెయ్యి ఎత్తలేదు. కనిపెట్టలేదని అతను ఊపిరి పీల్చుకున్నాడు.

బహుమతి ప్రకటనలో న్యాయనిర్ణేతలు పుస్తకంలోంచి ఒకే ఒక్క చోటు ఎత్తి రాశారు. ఇదే. ఇంట్లో తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లకి షాఫ్ట్ దగ్గర జరిగింది ఎట్లా తెలిసిందని ఆ మహానుభావులు ఒక్కరూ అడగలేదు.

మిగతా మూడు నోటుబుక్కులు కూడా చూశాడు. ఇంకేమీ లేదు. అయినా ఫరవాలేదు. రెండు వందల పేజీల్లో వాళ్ళకి నచ్చింది నాది, నాది ఒక్కటే అనుకుంటూ అన్నం తినడానికి లేచాడు. రేపు వీణ ముందు ఆ పేజీ తెరిచి, ఇక్కడ ఒక చిన్న సంగతి ఉందండీ అంటాడు. అంతకన్నా ఏం అనక్కరలేదు. నోటుబుక్కే మాట్లాడుతుంది. ఆ తర్వాత వాళ్ళు బహుమతి ఆపుకుంటారో, ఇద్దరికీ పంచుతారో వాళ్ళ ఇష్టం. ఆ పూట బాగా తిన్నాడు.

శుక్రవారం అతను చేరేసరికి వీణ ఇంకా రాలేదు. లక్ష్మీదేవమ్మ స్నానం చేసి మంచి చీర కట్టుకుని వసారాలో కూర్చుంది. కొడుకు మునీంద్ర గూళ్ళు వేసుకుని సంతకి పోయాడు. ఖాళీ చంద్రికలు గోడకి చేరేసి ఉన్నాయి, ఆమె ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని చుట్లలో మిగిలిన నూగు లాగుతోంది.

"నందీశ్‌కి నువ్వే చెప్పినావంట" అంది అడుగుల చప్పుడు విని.

గోవిందప్ప సంచి అరుగు మీద పెట్టి అలాగే నిలబడ్డాడు.

"నిజమే కదా చెప్పినావు. నాకు యాడ వస్తాయి తెలుగు అక్షరాలు? కూర్చో. బుక్కులన్నీ తెచ్చినావా?"

తెచ్చానన్నాడు. ఆమె తిడుతుందని బస్సులో సమాధానాలు సిద్ధం చేసుకున్నాడు. అవి ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియలేదు.

వీణ బెంగుళూరు నుంచి కారులో వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మాట మెత్తన. వచ్చిన పని తనకీ ఇష్టం లేదని ముందే చెప్పింది. నోటుబుక్కు తెరిచి అక్షరాలు మనవాటిలాగే ఉన్నాయే అని సంబరపడింది. రెండు వరసలు కూడబలుక్కుని చదివింది, ఆ తర్వాత కలిపిరాతలో దారి తప్పింది. లక్ష్మీదేవమ్మ కళ్ళ సంగతి విని గోవిందప్ప వైపు తిరిగింది. మీరు ఎట్లా మార్చారో అట్లాగే చదవండి, నేను పుస్తకంలో చూసుకుంటాను అంది.

అతను చదివాడు. వీణ మొదట ఒకచోట, తర్వాత ఒకచోట తెరవమంది. మాటకి మాట సరిపోయింది. వీణ పెన్సిలుతో పక్కన టిక్కు పెడుతూ వచ్చింది. ఇంకో చోట కూడా చూసి, ఇక చాలు గానీ, న్యాయనిర్ణేతలు పేర్కొన్న ఆ షాఫ్ట్ భాగం ఒక్కటీ చదివేయండి, నేను ప్రత్యేకంగా రాసుకోవాలి అంది.

గోవిందప్ప మూడో నోటుబుక్కు తీశాడు. చీటీ పెట్టి ఉంచిన పేజీ తెరిచాడు. నిదానంగా మొదలుపెట్టాడు. భూమి అదిరింది. గోడకి ఉన్న గిన్నెలు రాలినాయి. సైరన్ కూసింది. చంద్రిక మీద లక్ష్మీదేవమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె పెదాలు అతని మాటలతో పాటే కదులుతున్నాయి, ఒక్క మాట ముందుకీ వెనక్కీ పోకుండా. రెండు వందల పేజీలూ ఆమెకి అట్లాగే వచ్చని అతనికి అప్పుడు తెలిసింది. పదకొండు నవలలు రాసినవాడికి తన పుస్తకంలో ఒక్క పేజీ అట్లా రాదు. కుళ్ళు అంటే ఏమిటో అయిదు రోజులుగా తెలుసుననుకున్నాడు. అసలుది ఇప్పుడు వచ్చింది.

"తమ్ముణ్ణి నా ఒళ్ళో ఏసి షాఫ్ట్ కాడికి పరిగెత్తింది."

ఆగాల్సింది ఇక్కడే. వీణ పెన్సిలు తర్వాతి వాక్యం మీద కాచుకుని ఉంది. లక్ష్మీదేవమ్మ పెదాలు కదలడం మానేశాయి.

"కేజ్ పైకొచ్చింది" అని చదివాడు గోవిందప్ప.

ఎందుకు చదివాడో అడిగితే చెప్పలేడు. చదవడం మొదలుపెట్టిన నోరు ఆ చోట ఆగలేదు, అంతే. నోటుబుక్కులో లేని నాలుగు వాక్యాలూ కన్నడ అక్షరాల మీద చూపు నిలిపి, వరస మీద వేలు జరుపుతూ చదివాడు. తడబడలేదు. నాలుగోది అయ్యాక, నాయన చెయ్యి కడుక్కుని ముద్ద తినడం మళ్ళీ నోటుబుక్కులోంచి చదివి పేజీ తిప్పేశాడు. తన వాక్యాలే. అవి అక్కడ అంత నిమ్మళంగా కూర్చోవడం చూసి వాటి మీద కూడా అతనికి అసూయ పుట్టింది.

వీణ టిక్కు పెట్టింది. పెట్టి, కొంచెం ఆలోచించి లక్ష్మీదేవమ్మని అడిగింది. "మీరు ఇంట్లో ఉండిపోయారు కదమ్మా. షాఫ్ట్ దగ్గర జరిగింది మీకు ఎట్లా తెలిసింది?"

గోవిందప్ప నోటుబుక్కు మూసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"చూసినోళ్ళు ఎవురో చెప్పింటారమ్మా" అంది లక్ష్మీదేవమ్మ.

వీణ తల ఊపి అది కూడా రాసుకుంది. మొదటి నోటుబుక్కు మొదటి పేజీ ఫోటో తీసుకుంది, సభలో పంచే పుస్తకంలో వేస్తారట. అనుమానం పూర్తిగా తీరిందని, ఈ రాత్రికే కమిటీకి చెప్తానని అంది. గోవిందప్పకి కూడా దండం పెట్టింది. మీ నవల కూడా మాకు అందిందండీ అని మర్యాదకి అంది. అంతటితో కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా అతను రోడ్డు మీద నిలబడి, నెమ్మదిగా వెనక్కి వచ్చి సంచి తీసుకున్నాడు. నోటుబుక్కులు అరుగు మీదే పెట్టాడు. ఇవి నీ దగ్గరే ఉండాలక్కా అన్నాడు.

"కూర్చో" అంది ఆమె. చంద్రిక పక్కన పెట్టి, నల్లద్దాలు అతని వైపు తిప్పింది.

"మా నాయన క్యారియర్‌కి పిడి ఉండె గోవిందప్పా. చచ్చేదాకా ఊడలేదు అది. ఇప్పుడు కూడా లోపల ఉండాది, నెయ్యి పోసి పెట్టినాను."

అతను సంచి కింద పెట్టి కూర్చున్నాడు.

"తాడు కట్టింది మీ నాయనదానికి. బచ్చప్పమామ ఆ క్యారియర్ ఊపుకుంటా పోతాంటే లైను పిల్లలం ఎనకపడి నవ్వేవోళ్ళం. నువ్వు చదివిన పొద్దే తెలిసింది నాకు, ఇది నేను రాసింది కాదని. చెయ్యి ఎత్తబోయినాను. మళ్ళా అనుకున్నా, ఆ పొద్దు మా యమ్మ అక్కడ ఏం చూసిందో నాకు ఈ పొద్దుటికీ తెలీదు, అడిగినా చెప్పలేదు. ఇట్లనే చూసింటుంది అనిపించింది. బాగుండాది, ఉండనీలే అనుకున్నా."

బాగుండాది. పదహారేళ్ళుగా ఆ మాట కోసం పదకొండు పుస్తకాలు, మూడేసి ప్రతుల చొప్పున, హైదరాబాదుకి పంపాడు గోవిందప్ప. తెలుగులో ఒక్క అక్షరం చదవలేని మనిషి దగ్గర అది రెండేళ్ళుగా ఉంది.

"మీ యమ్మ చెప్పిందా నీకు?" అని అడిగింది ఆమె.

"లేదక్కా. నేనూ పోయింటిని. అమ్మ కొంగు పట్టుకోని నిలబడింటిని. ఆరేండ్లు నాకు."

లక్ష్మీదేవమ్మ చేత్తో తడిమి నోటుబుక్కులు దగ్గరకి లాక్కుంది. అతను సంచి తాడు భుజానికి వేసుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"మరి నీ పుస్తకాల్లో యాడన్నా రాసినావా ఇది?"

"లేదు" అన్నాడు గోవిందప్ప.

"ఇన్ని రాస్తివే" అందామె. లేచి, గోడ పట్టుకుని, అతనికి ముద్ద పెట్టడానికి లోపలికి పోయింది.